గెలిచిన తర్వాతి నిమిషం

పోయిన ఆదివారం మా చెల్లెలి మనవరాలు ఆద్య తన కరాటే పోటీకి నన్ను వెంటబెట్టుకుని పోయింది. పదేళ్ల పిల్ల, పట్టిన పట్టు విడిచే రకం కాదు. "అమ్మమ్మా, నువ్వు గూడ చిన్నప్పుడు నేర్చుకున్నవట గద, వచ్చి చూడు" అని వారం రోజులు నా ప్రాణం తీసింది. సిద్దిపేటలో ఒక ఫంక్షన్ హాలు అది. ఆ రోజు ముహూర్తం లేదు కాబట్టి పోటీలకు కిరాయికి ఇచ్చారు. ముందు రోజు పెళ్లి తాలూకు బంతిపూలు ఓ మూల కుప్పగా పడి ఉన్నాయి, వంటగది వైపు నుంచి బగారన్నం వాసన ఇంకా పోలేదు. నడుమ నీలం, ఎరుపు పరుపులు పరిచి చుట్టూ కుర్చీలు వేశారు. ఆడే పిల్లలు నిమ్మళంగానే ఉన్నారు. కుర్చీల్లో ఉన్న తల్లిదండ్రులదే అసలు యుద్ధం. ఒక చేత్తో ఫోన్ పైకెత్తి పట్టుకుని, ఇంకో చేత్తో గాలిని గుద్దుతూ, "తన్నవే, తన్నవే" అని గొంతులు పోగొట్టుకుంటున్నారు.

ఆద్య బాగా ఆడింది. నిజం ఒప్పుకోవాలి, మా కాలంలో ఆ వయసు పిల్లలం అంత చురుగ్గా కదల్లేదు. ఎదుటి పిల్ల అడుగు వేద్దామని అనుకునేలోపే లోపలికి దూరి పొట్ట మీద ఒక్క గుద్దు గుద్దింది. కుర్చీలో వాలి కూర్చున్న నేను నిటారుగా లేచి కూర్చున్నాను. అయితే గుద్దిన మరుక్షణం ఎదుటి పిల్లకు వీపు తిప్పి, తల్లి ఫోన్ వైపు చూసి, రెండు చేతులూ పైకెత్తి ఎగిరింది. రిఫరీ చేతులు అడ్డంగా ఊపి పాయింటు లేదన్నాడు. ఆద్య తల్లి రజిత, అంటే మా చెల్లెలి కూతురు, కుర్చీ వెనక్కి తన్ని లేచింది.

"తాకింది గద సార్? అందరం చూసినం. వీడియో గూడ ఉన్నది."

"తాకింది మేడం. గుద్దు మంచిగనే పడ్డది. గని గుద్దినంక పాప ఆడ లేదు" అన్నాడు రిఫరీ. పాపం, చిన్నవాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఆడ లేకుంటే యాడికి వోయింది? కండ్ల ముందలనే ఉండె గద!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. ఓడిపోయిన ఆద్య వచ్చి నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. "మంచిగనే కొట్టిన గద అమ్మమ్మా?" అంటే, "కొట్టినవ్ బిడ్డా, మస్తు కొట్టినవ్" అన్నాను. కొట్టిన తర్వాత వీపు తిప్పిన తప్పు సంగతి ఎత్తలేదు. ఆ తప్పుకు ఆ పిల్లకు పోయింది ఒక పాయింటు. అదే తప్పు పదహారేళ్ల వయసులో నేను చేస్తే మా నాన్న తొడ ఎముక విరిగింది. మేం ఆయనను బాపు అనేవాళ్లం. ఆ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే: బాపు, మా మాస్టర్, నేను. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. ఇద్దరూ పండు ముసలితనంలో, ఎవరి మంచం మీద వాళ్లు నిద్రపోయినట్టే పోయారు. ఇంక నేను దాచుకుని చేసుకునేది ఏముంది!

మాది సిద్దిపేట చివరన గౌడ వాడ. నారాయణరావుపేటకు పోయే తోవలో మేము కల్లు గీసే తాటిచెట్లు, మా తాళ్లు, ఉండేవి. మా ఇంట్లో కోడి కంటే ముందు కత్తి లేచేది. బాపు అరుగు మీద కూర్చుని, చెక్క మీద పలుగురాతి పొడి చల్లి, గీత కత్తిని ముందుకూ వెనక్కూ లాగుతుంటే వచ్చే ఆ గరగర శబ్దానికే మాకు మెలకువ వచ్చేది. తలుపు తీయగానే పులిసిన కల్లు వాసన, చెమట పట్టి నల్లబడ్డ మోకు వాసన కలిసి ముక్కుకు తగిలేవి. మోకు అంటే చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. ఎక్కేవాడి ప్రాణం దాని మీదే ఆగుతుంది. దాన్ని మా ఇంట్లో ఎవరూ దాటేవాళ్లు కాదు, దాని మీద కూర్చునేవాళ్లు కాదు. అవ్వ, అంటే మా అమ్మ, జొన్న గట్కలో మజ్జిగ పోసి ఇస్తే బాపు మాట్లాడకుండా తాగి, మోకు భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. పొద్దున పూట ఆయన నోట్లోంచి పది మాటలు వచ్చిన రోజు నాకు గుర్తు లేదు. సాయంత్రం మాత్రం మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఊళ్లో అందరి నడకలూ నడిచి చూపించి నవ్వించేవాడు. ఆ మనిషేనా ఈ మనిషి అనిపించేది.

మా వాడలో పిల్లలకు మాటలు రాకముందే ఒక కట్టుబాటు వచ్చేసేది. చెట్టు మీద ఉన్న మనిషిని పిలవకూడదు. ఎంత అక్కర ఉన్నా సరే, చెట్టు మొదట్లోకి పోయి నిలబడాలి, ఆయన దిగి, మోకు విప్పి, మన వైపు చూసేదాకా ఆగాలి. ఒకసారి మా మేనత్తకు నొప్పులు మొదలయ్యాయని చెప్పడానికి పోయిన అవ్వ కూడా చెట్టు కింద కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిందట. దబాయింపుకు పేరుపడ్డ ఆబ్కారీ జవాను సైతం మా చెట్ల కిందికి వచ్చాక బీడీ ముట్టించుకుని ఆగేవాడు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు. చేతులు కడుక్కుని అన్నం తినడం ఎట్లాగో ఇది కూడా అట్లాగే.

నేను టెన్త్‌లో ఉండగా నర్సింలు మాస్టర్ సిద్దిపేటకు వచ్చారు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్ ఆయన. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు అక్కడి ఒక ముసలి ఉస్తాదు దగ్గర కరాటే నేర్చుకుని నల్ల బెల్టు తెచ్చుకున్నారు. సాయంత్రం డ్యూటీ దిగాక, ఒక రైసు మిల్లు వెనక వడ్లు ఆరబోసే గచ్చు మీద పిల్లలకు నేర్పేవారు. ఇరవై మంది మగపిల్లలు, ముగ్గురం ఆడపిల్లలం. ఆడపిల్లను పంపడమేంటని అవ్వ ముఖం ముడుచుకుంటే, బాపు ఒకే మాట అన్నాడు: "ఆడివిల్ల అయితే కాళ్లు చేతులు లేవా?" అంతే, అయిపోయింది. తెల్ల బట్టలు కుట్టమంటే మా దర్జీ తనకు తోచిన పద్ధతిలో కుట్టి, మొగవాళ్ల లాల్చీకి ఉన్నట్టు పక్కన రెండు జేబులు కూడా పెట్టాడు. ఆ జేబుల్లో నేను పుట్నాలు దాచుకున్నది మాస్టర్ ఒకరోజు పట్టుకుని, గుద్దు విసిరిన ప్రతిసారీ గచ్చు మీద రాలిన పుట్నాలన్నీ నాతోనే ఏరించారు.

మొదటి మూడు నెలలూ మాకు గుద్దు నేర్పలేదు, తన్ను నేర్పలేదు. గచ్చు ఊడవడం, వంగి దండం పెట్టడం, నిలబడడం, ఊపిరి పీల్చడం. ఇవే. గచ్చుకు ఎందుకు దండం పెడుతున్నామో తెలియక హమాలీలు "వడ్లకు మొక్కుతున్నరు పోరగాండ్లు" అని నవ్వేవారు. నిలబడడం అంటే మామూలు నిలబడడమా! కాళ్లు ఎడంగా పెట్టి, గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచి, నడుము నిలువుగా పెట్టి, అట్లాగే ఉండాలి. జపాన్ మాటలో కీబాదాచి అన్నారు. తొడలు వణికేవి, కళ్లు మండేవి. "గుద్దుడు ఎప్పుడు నేర్పుతరు సార్?" అని ఒకరోజు తెగించి అడిగాను.

"నిలవడుడు వచ్చినంక."

"నిలవడ్డం గద సార్, మూడు నెలల సంది."

ఆయన నా దగ్గరికి వచ్చి బొడ్డు కింద రెండు వేళ్ల దూరంలో తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని చూపించారు. "సబ్‌స్టేషన్ గిక్కడ ఉన్నది. భుజం, చెయ్యి ఒట్టి తీగలు. తీగ ఎంత దొడ్డుగున్నా ఎనక కరెంటు లేకుంటే దాంతోని ఏమైతది? బట్టలారేసుకోవాలె" అన్నారు. ఆయనకు అన్నీ కరెంటు భాషలోనే తెలుసు, మాకు ఆ భాషలోనే అర్థమయ్యాయి. ఊపిరి ముక్కులోంచి కాక ఆ రెండు వేళ్ల చోటు నుంచి రావాలి. అరుపు గొంతులోంచి కాక అక్కడి నుంచే రావాలి. ఎదుటివాడికీ మనకూ నడుమ ఎంత దూరం ఉండాలో కళ్లతో కొలవద్దు, అడుగుతో తెలుసుకోవాలి. లైను దగ్గరకు మనిషి ఎంత దాకా పోవచ్చో ఎట్లా తెలుస్తుందో అట్లా. మన చెయ్యి ముందు లేవకూడదు. ఒకరోజు ఒక అబ్బాయి ఉడుక్కుని నిజంగానే గుద్దబోతే ఆపి, "కోపంతోని కొడితే ముందుగాల నీ ఫ్యూజే పోతది" అన్నారు. తర్వాత నేను ముప్పై ఏళ్లు బడిపిల్లలకు డ్రిల్లు చెప్పాను, ఎన్నో పుస్తకాలు చదివాను, ఎన్నో శిక్షణ శిబిరాలకు వెళ్లాను. అంత సూటిగా చెప్పినవాళ్లు ఇంకొకరు నాకు దొరకలేదు.

ఇంటికొచ్చి వాకిట్లో అట్లా గుర్రం కూర్చుని చూపించాను. బాపు బీడీ కాలుస్తూ కాసేపు చూసి, లేచి వచ్చి, నా భుజం మీద ఒక్క వేలు పెట్టి నెట్టాడు. రెండడుగులు వెనక్కి పడ్డాను. "బరువంతా తలకాయల వెట్టుకున్నవ్ బిడ్డా. కిందికి దింపు" అన్నాడు. ఎట్లా దింపాలని అడిగితే, వెనక మోకు ఉన్నదనుకుని దాని మీద కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ఈసారి అరచేత్తో నెట్టాడు. కదల్లేదు. మాస్టర్‌కు చెబితే ఆయన నమ్మలేనట్టు చూసి, మరునాడే సైకిల్ వేసుకుని మా తాళ్లకు వచ్చారు. చెట్టు కింద చేతులు కట్టుకుని గంట సేపు నిలబడి చూశారు. తనూ స్తంభాలు ఎక్కే మనిషే కదా, ఏది చూడాలో తెలుసు. ఆ ఆదివారం ఇరవై మూడు మందినీ తెల్ల బట్టల్లో వరసగా నడిపించుకుని వచ్చి చెట్టు చుట్టూ కూర్చోబెట్టారు. బాపు సిగ్గుతో చచ్చిపోయాడు. "ఇదేంది సారూ, నన్ను సర్కసోని లెక్క జేసిన్రు" అంటూనే ఎక్కాడు.

ఎక్కడం అందరం చాలాసార్లు చూసిందే. దిగడం చూడమన్నారు మాస్టర్. పైనుంచి సగం దాకా ఎంత నిదానంగా దిగాడో, చివరి రెండు మనిషి నిలువులూ అంతకంటే నిదానంగా దిగాడు. పాదాలు నేలకు ఆనిన తర్వాత కూడా మోకు విప్పలేదు. ఒక అరచెయ్యి చెట్టుకు ఆనించి, తల ఎత్తి పైన కట్టిన కల్లు లొట్టి వైపు ఒకసారి చూసి, ఒక ఊపిరి పీల్చి వదిలి, అప్పుడు విప్పాడు. "చూసిన్రా? గదే జాన్షిన్" అన్నారు మాస్టర్ మెల్లగా. పని అయిపోయిన తర్వాత కూడా మనసు అక్కడే ఉండడం. కొట్టిన తర్వాత, దెబ్బ తగిలిన తర్వాత, గెలిచిన తర్వాత కూడా. బాపుకు ఆ మాట అర్థం కాలేదు. "నాకు గవన్ని తెల్వయి సారూ. ఎక్కుడు ఎవనికన్న వస్తది. దిగేటప్పుడే పడ్తరు మనుషులు. భూమి కనవడంగనే మనసు ఇంటికి వోతది. కాళ్లు ఇంక చెట్టు మీదనే ఉంటయి గద" అన్నాడు. మాస్టర్ లేచి, బెల్టు సరిచేసుకుని, హైదరాబాద్ ఉస్తాదుకు చేసినట్టు బాపుకు నడుము వంచి దండం పెట్టారు. మేమందరం కూడా పెట్టాం. నా జీవితంలో నేను అంత గర్వపడ్డ రోజు ఇంకొకటి లేదు. బాపు ఏం చేయాలో తోచక, వంగిన మా అందరికీ లొట్టి చూపించి, "పోరగాండ్లకు కల్లు పొయ్యొచ్చునా సారూ?" అని అడిగాడు.

మరుసటి ఎండాకాలం మొదట్లో సిద్దిపేటలోనే చుట్టుపక్కల జిల్లాలకు కలిపి పోటీలు పెట్టారు. నా చివరి ఆట బెజ్జంకి నుంచి వచ్చిన ఒక పొడుగాటి అమ్మాయితో. రెండుసార్లు ఆమె కాలు నా చెవి పక్క నుంచి పోయింది. మూడోసారి ఆమె కాలు ఎత్తినప్పుడు నాకు భయం లేదు, ఆలోచన లేదు, చుట్టూ జనం ఉన్నారన్న సంగతి లేదు. నా గుద్దు పోయి తగిలింది. తగిలాక చెయ్యి వెనక్కి తీసుకుని, అదే నిలకడలో, ఆమె కళ్లల్లోకి చూస్తూ రిఫరీ పేరు పిలిచేదాకా నిలబడ్డాను. వంగి దండం పెట్టి, గీత దాటి, మాస్టర్ దగ్గరకు పోయాను. ఆయన శభాష్ అనలేదు. "నిలవడ్డవ్" అన్నారు. ఆ ఒక్క మాటకు నా తల తిరిగిపోయింది.

బాపుకు చెప్పాలి. ఇంకో ఆలోచన లేదు. బట్టలు కూడా మార్చుకోలేదు. బజారు దాటి, వాడ దాటి, తాళ్ల దాకా ఒక్క పరుగు. దూరం నుంచే బాపు కనిపించాడు. చెట్టు దిగుతున్నాడు, ఇంకో రెండు నిలువులు ఉందేమో. మాటలు రాకముందు నేర్చుకున్నది, మాస్టర్ చూపించింది, అరగంట కింద పోటీలో నేనే చేసి చూపించింది, ఏదీ నా దగ్గర మిగల్లేదు. "బాపూ!" అని అరిచాను. బొడ్డు కింద నుంచి, మాస్టర్ నేర్పినంత బలంగా.

బిడ్డ గొంతు కదా. తిరిగాడు. నడుము పక్కకు తిరగగానే మోకు సడలింది, పాదాలను కలిపి కట్టే తాడు బంధం జారింది. ఆయన పడ్డ చప్పుడు నేను ఇప్పటికీ దేనితోనూ పోల్చలేను, పోల్చను. దగ్గరికి పోయేసరికి ఎడమ కాలు మడత పడకూడని చోట మడత పడి ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది. పక్క చెట్ల మీద నుంచి ఇద్దరు దిగి ఉరికొచ్చారు. "ఏమైంది మల్లన్నా?" అని వాళ్లు అడిగితే, బాపు నా వైపు చూడకుండా, పళ్లు బిగించి, "బంధం జారింది. పాతదైంది. మార్సాలె అనుకుంటనే ఉన్న" అన్నాడు. నేను అరిచింది ఆయన పడ్డది చూసేనని వాళ్లు అనుకున్నారు. నేను కాదనలేదు.

హైదరాబాద్ దవాఖానలో కాలికి బరువులు కట్టి నెలలు పడుకోబెట్టారు. మా చిన్నబాపు తన చెట్లతో పాటు మావి కూడా గీశాడు. అవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఏం పాపం జేసినమో బిడ్డా" అని ఏడుస్తుంటే నేనే చేశానని నోటిదాకా వచ్చేది. బాపు కళ్లతోనే ఆపేవాడు. తిట్టినా బాగుండేది. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. తెల్ల బట్టలు మడిచి, సందుగ అడుగున, అవ్వ పెళ్లి చీర కింద పెట్టేశాను. ఇంక ఆ గచ్చు తొక్కకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

బాపును ఇంటికి తెచ్చిన వారానికి మాస్టర్ వచ్చారు. ఆయనను సాగనంపడానికి వీధి చివరి దాకా పోయి, అక్కడ, కరెంటు స్తంభం పక్కన, మొత్తం చెప్పేశాను. ఏదో ఓదారుస్తారనుకున్నాను. ఓదార్చలేదు. స్తంభం మీది తీగలు చూపించారు.

"లైను బందు జేసినంక గూడ నేను తీగను ముట్టే ముందు ఎర్తు ఏస్త. ఎందుకో తెల్సా? కరెంటు చంపుడు తక్వ. 'బందైంది తియ్' అన్న మాటనే ఎక్వ మందిని చంపుతది. నువ్వు గీత దాటంగనే అయిపోయిందనుకున్నవ్."

"ఇగ నేను రాను సార్."

"రాకు. గని నేర్చుకున్నది ఏడ వెడ్తవ్? సందుగల వట్టదు గద అది." సైకిల్ స్టాండు తీస్తూ, "మీ బాపుకు నిలవడుడు మళ్ల మొదటి సంది నేర్పాలె. నా డ్యూటీ కుకునూరుపల్లి దిక్కు వడ్డది, రోజు రాలేను. నువ్వే నేర్పు" అన్నారు.

అట్లా మా వాకిట్లో కరాటే మొదలైంది. మొదట గోడ పట్టుకుని నిలబడడం. తర్వాత గోడ వదిలి పది ఊపిర్లు. ఆ తర్వాత కాళ్లు ఎడంగా, మోకాళ్లు కొంచెం వంచి, లేని మోకు మీద కూర్చోవడం. నాకు నేర్పినాయనకు నేను నేర్పడం! ఊపిరి కింది నుంచి తీయమంటే, "కిందికెల్లే తీస్తున్న తియ్, నాకు జెప్పొచ్చినవ్" అని కసిరేవాడు. మొదటి రోజుల్లో నొప్పికి చెమటలు కారుతున్నా చెయ్యి నా భుజం మీద వేసేవాడు కాదు, గాలిలోనే పట్టుకుని ఉండేవాడు. రెండో నెలలో వేశాడు. ఆ బరువు నా భుజానికి ఇప్పటికీ తెలుసు. అవ్వ రొట్టెలు చేస్తూ మమ్మల్ని చూసి, "తండ్రిబిడ్డలిద్దరు గుర్రాలెక్కిన్రు. గుర్రాలే లెవ్వు" అని మొదటిసారి నవ్వింది. పడ్డ తర్వాత మా ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది.

ఇప్పుడు ఆ తాళ్లలో సగం ప్లాట్లయ్యాయి. గీసేవాళ్లకు నడుముకు కట్టుకునే పట్టీలు వచ్చాయి, మంచిదే, అవి మా బాపు కాలంలో ఉంటే ఎన్ని ఇండ్లు నిలబడేవో. కరాటే పిల్లలకు మెత్తటి పరుపులు, తలకు టోపీలు, పళ్లకు కవచాలు. వాళ్లు మా కంటే ఎత్తుకు తంతారు, మా కంటే తొందరగా నేర్చుకుంటారు. వాళ్లను చూసి ముక్కు విరిచే ముసలమ్మను కావడం నాకు ఇష్టం లేదు. ఒక్కటే నాకు బెంగ. గుద్దు పడగానే ఆ పిల్ల తల తిప్పి ఫోన్ వైపు చూసింది. మా మాస్టర్ ఉండి ఉంటే ఆ ఫోన్లన్నీ బయట పెట్టించి, తల్లిదండ్రులందరినీ మూడు నెలలు గచ్చు మీద గుర్రం కూర్చోబెట్టేవారు. రజిత ముందు వరసలో కూర్చునేది.

ఆ ఏడాది వానలు పోయి చలి మొదలయ్యాక, ఒక పొద్దున, బాపు ఎవరికీ చెప్పకుండా కత్తి నూరాడు. ఆ గరగర విని అవ్వ లేచి వాకిట్లోకి వచ్చింది, గట్కలో మజ్జిగ పోసి ఇచ్చి లోపలికి పోయి తలుపు వేసుకుంది. బాపు మోకు భుజాన వేసుకుని నా వైపు చూశాడు. వెంట నడిచాను. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడిచాడు. ఏ చెట్టు నుంచి పడ్డాడో ఆ చెట్టు దగ్గరే ఆగాడు. కాళ్లకు కొత్త బంధం వేసుకుని, మోకు చుట్టుకుని, ఎక్కడం మొదలుపెట్టాడు.

నేను చెట్టు మొదట్లో నిలబడ్డాను. పైకి పోయినకొద్దీ ఆయన చిన్నగా అయ్యాడు. ఎడమ కాలు రెండుసార్లు తడబడింది, రెండుసార్లూ నా నోట్లోకి అరుపు వచ్చింది, రెండుసార్లూ మింగాను. ఊపిరి కిందికి దింపాను. పోటీలో బెజ్జంకి అమ్మాయి ముందు నిలబడడం ఇందులో పావు వంతు కూడా కాదు. పైన కత్తి చప్పుడు వినిపించింది, ఆగింది. దిగడం మొదలైంది. సగం దాకా వచ్చాడు. రెండు నిలువుల దాకా వచ్చాడు. "పైలం బాపూ" అందామని నాలుక కొట్టుకుంటోంది. ఆ ప్రేమే కదా ఆయనను పడగొట్టింది. పెదవులు బిగపట్టి నిలబడ్డాను. పాదాలు నేలకు ఆనాయి. చెట్టుకు చెయ్యి ఆనించాడు. పైకి చూశాడు. ఊపిరి వదిలాడు. మోకు విప్పి భుజాన వేసుకుని, అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఆ దినం ఏదో చెప్పొచ్చినవ్ గద బిడ్డా. ఇప్పుడు చెప్పు."

ఎనిమిది నెలలుగా ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. "గెల్సిన బాపూ" అన్నాను.

"కొట్టినంక నిలవడ్డవా?"

"నిలవడ్డ. గాడ నిలవడ్డ బాపూ. గీడనే..."

"గీడ గూడ నిలవడ్డవ్ గద, ఇప్పుడు" అని, నా తల మీద ఒకసారి చెయ్యి వేసి తీసి, ఇంకా ఎనిమిది చెట్లు ఉన్నాయంటూ పక్క చెట్టు వైపు నడిచాడు. నేను వెంట నడిచి ఆ చెట్టు మొదట్లో నిలబడ్డాను.